విలన్ మారాడంటే ఎప్పుడు నమ్ముతాం?

కొన్ని కథల్లో విలన్ మంచివాడిగా మారితే గుండె కదులుతుంది, కొన్నింట్లో అతికించినట్టు ఉంటుంది. ఎందుకని?

మారినందుకు అతను ఏం పోగొట్టుకున్నాడు అన్నదే నేను ముందు చూస్తాను. బౌద్ధ కథల్లోని అంగుళిమాలుడు మనుషుల్ని చంపి, వాళ్ల వేళ్లను దండగా గుచ్చి మెడలో వేసుకున్నవాడు. బుద్ధుడి మాటతో భిక్షువయ్యాడు. అక్కడితో అయిపోతే అది మామూలు కథే. కానీ తర్వాత భిక్షకు వెళ్లినప్పుడు అతని మీద మట్టిపెళ్లలు, కర్రలు వచ్చి పడతాయి. తల పగిలి నెత్తురు కారుతూ, పగిలిన భిక్షాపాత్రతో, చిరిగిన వస్త్రంతో తిరిగొస్తాడు. ఓర్చుకోమంటాడు బుద్ధుడు. మనిషి మారాడు, చేసిన పనులు మాత్రం చెరిగిపోలేదు. ఆ పగిలిన పాత్రను చూశాకే నాకు నమ్మకం కుదురుతుంది.

చాలామంది రచయితలు బాధాకరమైన ఫ్లాష్‌బ్యాక్ పెట్టి సరిపెడతారు. అతను అలా ఎందుకయ్యాడో దాంతో తెలుస్తుంది, అంతే. మారడానికి అతను తనంతట తాను ఒక నిర్ణయం తీసుకోవాలి, అదీ పాత దారిలోనే లాభం ఉన్నప్పుడు. ఓడిపోయాక పశ్చాత్తాపపడితే అనుమానం వస్తుంది కదా! హీరో కోసం ప్రాణమిచ్చే క్లైమాక్స్ కూడా చాలాసార్లు దగ్గరి దారే. చచ్చిపోయినవాడు మర్నాడు బాధితుల ముఖం చూడక్కర్లేదు.

ఇంకొకటి, బాధితులకు క్షమించకుండా ఉండే హక్కు కథలో మిగలాలి. "నిన్ను ఎప్పటికీ క్షమించను" అని ఒక తల్లి తలుపేసుకున్నా, ఆ తర్వాత కూడా అతను సరైన పనే చేస్తుంటే, ఆ పాత్ర నాకు ఏళ్ల తరబడి గుర్తుండిపోతుంది.