వణుకు తగ్గాకే వాయిస్తానంటే ఎలా?

ప్రశ్న: సార్ నమస్తే. పదకొండేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటున్నాను. ఇంట్లో, టీచర్ ముందు బాగానే వాయిస్తా, స్టేజీ ఎక్కితే మాత్రం కుడిచెయ్యి వణికిపోయి, వయొలిన్ వాయించే కర్ర, అదే బో, తీగ మీద టపటపా ఎగురుతుంది, నెమ్మదిగా లాగాల్సిన స్వరాల దగ్గరైతే ఇంకా ఘోరం. పోయిన నెల ప్రోగ్రాంలో మధ్యలో మొత్తం బ్లాంక్ అయిపోయి ఆగిపోయాను. ఇంకా ప్రాక్టీస్ చెయ్యి అంటారు అందరూ, రోజుకి నాలుగు గంటలు చేస్తూనే ఉన్నా. ఒక ఫ్రెండ్ ఏదో టాబ్లెట్ వేసుకుంటే వణుకు రాదంది, వేసుకోవచ్చా? అసలు ఈ భయం ఎప్పటికైనా పోతుందా? — ఒక పాఠకురాలు

జవాబు: ఆఖరి ప్రశ్నకే ముందు చెప్తానమ్మా, పూర్తిగా పోకపోవచ్చు. దిగులు పడకండి. పాబ్లో కసల్స్ అని, చెల్లో అంటే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం, అది వాయించడంలో మహామహుడు, 1901లో ఒక కొండ మీద బండరాయి దొర్లి ఎడమచేతి వేళ్లు నలిగిపోతే ఆయనకి మొట్టమొదట వచ్చిన ఆలోచన హమ్మయ్య ఇక చెల్లో వాయించక్కర్లేదు అనట, స్టేజీ అంటే అంత భయం! ఆయనే చెప్పుకున్నాడు. అలాంటి మనిషి 1961లో 84 ఏళ్ల వయసులో కూడా వైట్ హౌస్‌లో కూర్చుని వాయించాడు. అంటే భయం పోయాక వాయించలేదు, భయంతోనే అన్నేళ్లు వాయించాడు. మీరేమో వణుకు తగ్గితే వాయిద్దాం అని చూస్తున్నారు, అక్కడే వస్తోంది చిక్కు.

వణుకు ఎందుకొస్తుందో చూడండి. భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ పొంగగానే గుండె దడదడలాడుతుంది, రక్తం చర్మం దగ్గర తగ్గి పెద్ద కండరాల వైపు పోతుంది, అందుకే వేళ్లు చల్లబడతాయి, నోరెండిపోతుంది. పరిగెత్తడానికి అయితే ఇదంతా బ్రహ్మాండంగా పనికొస్తుంది, మనం చెయ్యాల్సిందేమో కదలకుండా నిలబడి సన్నటి పని! పైగా బో పొడుగు కాబట్టి చేతి దగ్గర కొంచెం అదిరితే కొసన బాగా ఊగుతుంది, అది చూసి మీరు గట్టిగా పట్టుకుంటారు, పట్టు బిగిసేకొద్దీ వణుకు ఇంకా పెరుగుతుంది. నెమ్మదిగా, మెత్తగా లాగే చోట దాన్ని దాచడానికి ఏమీ ఉండదు. అందుకే మొదటి ఐటెం ఎప్పుడూ నిదానంగా సాగేది పెట్టుకోవద్దు, బో ధారాళంగా కదిలేది, నిద్రలో లేపినా వాయించగలిగేది పెట్టుకోండి, మామూలుగా మొదటి కొద్ది నిమిషాలే గడ్డుకాలం, ఆ తర్వాత చాలామందికి ఒళ్లు దానంతటదే సర్దుకుంటుంది. మెట్ల దగ్గర నిలబడ్డప్పుడు పీల్చినదానికంటే ఎక్కువసేపు ఊపిరి వదలండి, ఒక నాలుగైదుసార్లు, అంతే.

నాలుగు గంటల ప్రాక్టీస్ గురించి. తప్పుగా అనుకోకండి, ఇంట్లో మనకి సరిగ్గా వచ్చేది నాలుగోసారి, స్టేజీ మీద దొరికేది ఒక్కసారి, ఆ ఒక్కసారిని ఎవరూ ప్రాక్టీస్ చెయ్యరు. రోజుకోసారి మెట్లు గబగబా ఎక్కి దిగి, గుండె కొట్టుకుంటుండగానే, వేళ్లు సర్దుకోకముందే వయొలిన్ తీసి, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి మొదటి ఐటెం ఒకేసారి వాయించండి. తప్పు పోతే పోయింది, ఆగకూడదు, మళ్లీ చెయ్యకూడదు. ఆ రికార్డింగ్ మర్నాడు వినండి. నేను ఒకసారి ప్రోగ్రాం అయ్యాక ఇంటికొచ్చి ఎవరితో మాట్లాడకుండా పడుకున్నా, భూకంపంలా వణికానని, వారం తర్వాత రికార్డింగ్ వింటే రెండుచోట్ల తప్ప ఆ వణుకు నాకే దొరకలేదు. మనకి లోపల తెలిసినంత బయటివాళ్లకి తెలీదు.

టాబ్లెట్ సంగతి. మీ ఫ్రెండ్ చెప్పింది బహుశా ప్రొప్రనొలాల్, బీటా బ్లాకర్ అంటారు, అసలు గుండెకీ బీపీకీ ఇచ్చే మందు. దొంగచాటు వ్యవహారమేం కాదు, 1987లో అమెరికా ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లని అడిగితే 27 శాతం మంది బీటా బ్లాకర్లు వాడామన్నారు. గుండెదడా వణుకూ తగ్గుతాయి, కానీ రాని సంగతి రప్పించదు, బ్లాంక్ అవ్వకుండా కాపలా కాయదు. ఆస్తమా ఉన్నవాళ్లకి ప్రమాదం, నాడి నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకి, బీపీ తక్కువ ఉన్నవాళ్లకి, షుగర్‌కి మందులు వాడేవాళ్లకి కూడా ఇబ్బందే. కాబట్టి డాక్టర్‌ని అడగకుండా వద్దు, ఫ్రెండ్ స్ట్రిప్‌లోంచి ఒకటి చింపి తీసుకోవడం అసలే వద్దు, డాక్టర్ ఇచ్చినా మొదటిసారి ప్రోగ్రాం రోజున మింగొద్దు.

ఇక ఆ బ్లాంక్. నాకైతే వణుకు కంటే ఇదే అసలు సమస్య అనిపిస్తోంది. 1967లో బార్బ్రా స్ట్రైసాండ్ అంతటి గాయని బహిరంగ కచేరీలో పాట మాటలు మర్చిపోయింది, ఆ భయంతో చాలా ఏళ్లు స్టేజీకి దూరంగా ఉండి, 1994లో టూర్‌కి వచ్చినప్పుడు పాట మాటలు తెర మీద చూపించే టెలిప్రాంప్టర్ పెట్టుకుని పాడింది. మీ పద్ధతిలో మొదటినుంచి చివరిదాకా వేళ్లే గుర్తుపెట్టుకుని పోతుంటాయి, ఒక లింకు తెగితే మళ్లీ మొదటికి పోవాలి తప్ప వేరే దారి ఉండదు. ప్రతి ఐటెంలో ఓ ఏడెనిమిది చోట్లు ఎంచుకోండి, ఎక్కడినుంచైనా సరే చటుక్కున ఎత్తుకోగలగాలి, వాటికి నంబర్లు వేసి చీటీలు రాసి డబ్బాలో వేసి, రోజూ ఒకటి తీసి అక్కడినుంచే మొదలుపెట్టండి. వయొలిన్ ముట్టుకోకుండా ఆ చోటి స్వరాలు నోటితో చెప్పగలిగితే ఇంకా మంచిది. పోయిన నెల ఆగిపోయిన చోటు ఉంది చూడండి, ఆ చీటీ మాత్రం రెండు వేసుకోండి.