శోధన రావడమే పాపమా?

చెడు ఆలోచన మనసులోకి వచ్చినంత మాత్రాన అది పాపం కాదు. క్రైస్తవ బోధలో శోధన (పాపం వైపు లాగే ప్రేరేపణ) వేరు, దానికి లొంగిపోవడం వేరు. యేసు అరణ్యంలో 40 దినాలు ఉపవాసమున్నాక సాతాను చేత శోధింపబడ్డాడు, అయినా పాపం లేనివాడు. రాళ్లను రొట్టెలు చేయమన్నా, దేవాలయ శిఖరం నుంచి దూకమన్నా, లోకరాజ్యాలన్నీ ఇస్తానన్నా మూడుసార్లూ బైబిల్ పాత నిబంధనలోని ద్వితీయోపదేశకాండం అనే పుస్తకంలోని మాటతోనే జవాబిచ్చాడు, బేరానికి దిగలేదు. బైబిల్ కొత్త నిబంధనలోని యాకోబు పత్రిక (ఉత్తరం) చెప్పే క్రమం ఇది: దురాశ మనిషిని ఈడుస్తుంది, అది గర్భం ధరించి పాపాన్ని కంటుంది, పాపం ముదిరి మరణాన్ని కంటుంది. ఆశ పుట్టిన దగ్గరే తెంచేయడం తేలిక, ముదిరాక చాలా కష్టం.

బైబిల్‌లో పోతీఫరు అనే ఐగుప్తు అధికారి ఇంట్లో దాసుడిగా ఉన్న యోసేపునే చూడండి. పోతీఫరు భార్య తనతో శయనించమని అడిగినప్పుడు ముందు కారణం చెప్పి కాదన్నాడు. ఆమె రోజూ అడుగుతుంటే దగ్గర ఉండడమే మానుకున్నాడు. చివరికి వస్త్రం పట్టుకుంటే దాన్ని ఆమె చేతిలోనే వదిలేసి పారిపోయాడు. జారత్వం (అక్రమ లైంగిక సంబంధం) విషయంలో అపొస్తలుడైన పౌలు చెప్పిందీ పారిపొమ్మనే. అక్కడే నిలబడి నిగ్రహాన్ని పరీక్షించుకోవాలనుకునేవాళ్లే ఎక్కువగా పడిపోతారు.

"ఆలోచన వచ్చేసింది, ఇక పాపం చేసినట్టే" అనుకుని లొంగిపోవడం చాలామంది చేసే పొరపాటు. మోహపు చూపు వ్యభిచారమని యేసు చెప్పింది ఆశపడి కావాలని చూసే చూపు గురించి, అనుకోకుండా కంటపడినదాని గురించి కాదు.