బ్యాటరీలో ఉన్నదీ పెట్రోలే

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా హైబ్రిడ్ కార్ల, అంటే ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారూ ఉన్న బండ్ల మైలేజీ మీదే ఉన్నాయి. అంతా బెంగళూరు ట్రాఫిక్ మహిమ. క్లచ్ ప్లేట్లు, సెకండ్ హ్యాండ్ బండ్ల సంగతులు వచ్చే నెల చూద్దాం.

*ప్రశ్న: ఆరు నెలల కిందట, ఒక్క మోటారుతోనూ కదలగల స్ట్రాంగ్ హైబ్రిడ్ ఎస్‌యూవీ కొన్నాను. బ్రోషర్‌లో లీటరుకు 27.97 కిలోమీటర్లని ఉంది. నాకు 18, 19 దాటడం లేదు. ఇంటి నుంచి కాడుబీసనహళ్లిలో ఆఫీసుకి ఎనిమిది కిలోమీటర్లు. ఇంజిన్ ఆన్ కాకూడదని మోటారు మీదే నడిపే ఈవీ బటన్ నొక్కి చీమలా నడుపుతాను. వెనకవాళ్లు హారన్లు కొట్టినా పట్టించుకోను. అయినా ఇదీ వరస. లోపం బండిలోనా, నాలోనా?*
— హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ పాఠకుడు

బండిలో లోపమేమీ కనిపించడం లేదు తమ్ముడూ. ఇంజిన్ ఆగి ఉంటే పెట్రోలు మిగిలినట్టే అనుకుంటున్నావు చూడు, చిక్కంతా అక్కడే. నీ బండికి ఇంట్లో ప్లగ్గు పెట్టి చార్జింగ్ చేయలేవు కదా. మరి ఆ బ్యాటరీలోకి కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది? కొంత బ్రేకు నొక్కినప్పుడు, మిగతాది ఇంజిన్ నుంచి. ఎలా చూసినా మొదట నువ్వు బంకులో పోయించిన పెట్రోలే అది.

నేను మదనపల్లెవాణ్ణి. గ్యారేజీ పెట్టకముందు, 90లలో, కొన్నేళ్లు మదనపల్లె నుంచి కలాసిపాళ్యం మార్కెట్‌కి టమాటా లోడు తోలాను. కాబట్టి నాకు తెలిసిన లెక్కలోనే చెబుతాను. రైతు చేతి నుంచి కాయ నేరుగా కొనేవాడి చేతికి పోతే మధ్యలో కమీషన్ ఉండదు. మండీ, దళారి, చిల్లర అంగడి అంటూ చేతులు మారేకొద్దీ ప్రతి చోటా కొంత పోతుంది. ఇంజిన్ శక్తి నేరుగా చక్రానికి పోతే ఖర్చు తక్కువ. అదే ఇంజిన్ నుంచి జనరేటర్‌కి, అక్కడి నుంచి బ్యాటరీకి, మళ్లీ మోటారుకి, అప్పుడు చక్రానికి పోయిందనుకో, ప్రతి మెట్టు దగ్గరా కమీషనే. నువ్వు ఈవీ బటన్ నొక్కి చీమలా పాకినప్పుడు బ్యాటరీ అడుగంటుతుంది. ఆ తరువాత ఇంజిన్ లేచి, బండినీ లాగాలి, బ్యాటరీనీ నింపాలి. పైగా అది అగర దగ్గర బంపర్‌కి బంపర్ తగిలే జామ్‌లో లేస్తుంది. అందుకే ఆ బటన్‌ని అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో పార్కింగ్ చేసుకోవడానికి ఉంచుకో, రోడ్డు మీద దాని జోలికి పోకు. ఎప్పుడు ఇంజిన్, ఎప్పుడు మోటారు అన్నది మనకంటే బండిలోని కంప్యూటర్‌కే బాగా తెలుసు.

సిగ్నల్ పడ్డాక ఇంజిన్ లేస్తుందేమోనని భయపడకు. మీటర్లో చార్జ్, ఎకో, పవర్ భాగాల మధ్య తిరిగే ముల్లు పవర్‌లోకి పోకుండా, ఎకో భాగం పై అంచు దాకా యాక్సిలరేటర్ నొక్కి నలభైకో యాభైకో చురుగ్గా తీసుకురా. అక్కడ కాలు కాస్త సడలించు. ఇంజిన్ ఆగిపోతుంది, బండి ఉన్న ఊపు మీద మోటారు తోడుతో సాగుతుంది. ఇంజిన్ పని చేసే కాసేపూ దండిగా పని చేయాలి, తరువాత పూర్తిగా పడుకోవాలి. సగం నిద్ర, సగం పని దానికి పడదు.

ఇదంతా ఒక ఎత్తయితే, బ్రేకు ఒక్కటీ ఒక ఎత్తు. టమాటా లోడుతో గట్టిగా బ్రేకు వేస్తే అడుగు బుట్టలు నలిగి రసం కారేది. తెల్లవారుజామున మండీలో సేటు ఆ తడి చూసి బుట్టకింత అని కోసేసేవాడు. ఓనరు ఆ నష్టం నా బత్తాలో పట్టుకునేవాడు. ఆ దెబ్బకి రెండు వందల గజాల ముందు ఏముందో చూసి తోలడం నేర్చుకున్నాను. హైబ్రిడ్‌కి కావలసిందీ అదే చూపు.

ఇబ్లూరు సిగ్నల్‌నే తీసుకుందాం. దూరంగా బస్సుల వెనక ఎర్ర దీపాలు వరసగా వెలిగాయంటే ముందు రోడ్డు ఆగిందని అర్థం. అప్పుడే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసెయ్. మీటర్లో ముల్లు చార్జ్ వైపు జారుతుంది. ఇప్పుడు బ్రేకు మీద కాలు ఆనించు, చంటిపిల్ల వీపు మీద చెయ్యి వేసినంత మెత్తగా. ముల్లు ఇంకొంచెం దిగుతుంది. ఆ చార్జ్ భాగం చివర దాకా పోనీ, దాన్ని దాటించకు. అందులో ఉన్నంతసేపూ మోటారే జనరేటర్‌గా మారి బండి ఊపుని కరెంటు చేస్తుంది. దాటిందంటే బ్రేకు ప్యాడ్లు కలగజేసుకుంటాయి, ఆ శక్తి వేడిగా గాలిలో కలిసిపోతుంది. పూర్తిగా ఆగబోయే ముందు చివరి కొద్ది గజాలు ఎలాగూ ప్యాడ్లే పట్టుకుంటాయి, దానికి చేసేదేమీ లేదు. అరవైలో పోయే బండిలో ఉండే శక్తి ముప్ఫైలో ఉన్నప్పటి దానికి నాలుగింతలు. అందుకే అరవై నుంచి ముప్ఫైకి దిగేటప్పుడు తొందరపడితే పోయేది ఎక్కువ.

నువ్వు ముందే కాలు తీస్తే ఆ ఖాళీలోకి ఆటో ఒకటి, స్కూటర్లు రెండు దూరతాయి. దూరనీ. నాకు ఇది తలకెక్కడానికి ఏడాది పట్టింది. అరెకెరె నుంచి జయనగర్‌కి ఒకే బండిలో మా ఆవిడ నడిపితే 24 దాకా వస్తుంది, నేను నడిపితే 21 దగ్గర ఆగేది. పాతికేళ్ల అనుభవం నాది, లైసెన్సు వచ్చి నాలుగేళ్లు ఆమెది. తేడా ఎక్కడుందా అని ఒకరోజు పక్క సీట్లో కూర్చుని చూశాను. సందు కనిపిస్తే చాలు, నేను దూరేస్తాను. ఆమె, "వాళ్లూ అక్కడే కదా ఆగేది" అంటుంది.

ఇక నీ ఎనిమిది కిలోమీటర్లు. పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు ఇంజినూ, పొగ గొట్టంలో పొగని శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టరూ వేడెక్కడానికి కాసేపు ఇంజిన్ నడిచి తీరుతుంది. బ్యాటరీ నిండా ఉన్నా నడుస్తుంది. ఎనిమిది కిలోమీటర్ల ప్రయాణంలో మొదటి రెండు మూడు కిలోమీటర్లు దానికే పోతే సగటు పడిపోక ఏమవుతుంది? సాయంత్రం కూరగాయలకి ఒకసారి, ట్యూషన్‌కి ఒకసారి అని విడివిడిగా తీయకుండా, ఇంజిన్ వేడి మీదున్నప్పుడే పనులన్నీ చుట్టుకుని రా. ఆ 27.97 అన్నది పరీక్షశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపి, ఒక కొలత ప్రకారం నడిపితే వచ్చిన అంకె. ఔటర్ రింగ్ రోడ్డులో దాన్ని అందుకోవాలని చూడకు. ఇప్పుడున్న దాని మీద మూడు నాలుగు పెరిగితే నీ కాలు దారికొచ్చినట్టే.

*ప్రశ్న: సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా న్యూట్రల్‌లో పెట్టమని మా మామయ్యగారు పక్కన కూర్చుని చెబుతూనే ఉంటారు. ఆయన నలభై ఏళ్లుగా కారు నడుపుతున్నారు, కాదంటే బాగుండదు. ఏం చేయమంటారు?*
— వైట్‌ఫీల్డ్ పాఠకురాలు

మామయ్యగారు చెప్పింది మాన్యువల్ గేర్ బండికి నూటికి నూరు పాళ్లూ నిజం అమ్మా. మీ బండి అది కాదు, అంతే. సిగ్నల్ దగ్గర హైబ్రిడ్‌లో ఇంజిన్ మామూలుగా ఆగే ఉంటుంది. ఏసీ కంప్రెసర్ కూడా బ్యాటరీ కరెంటుతోనే తిరుగుతుంది. ఇలాంటి చాలా హైబ్రిడ్లలో న్యూట్రల్‌లో ఉన్నంతసేపూ బ్యాటరీ చార్జ్ అవదు. సిల్క్ బోర్డు దగ్గర పది నిమిషాలు ఎన్‌లో పెట్టి ఏసీ నడిపితే బ్యాటరీ ఖాళీ అవుతూ పోతుందే గానీ నిండే దారి ఉండదు. గేర్ డీలోనే (డ్రైవ్) ఉంచి బ్రేకు మీద కాలు పెట్టండి, కాలు తీసినా బ్రేకుని పట్టి ఉంచే ఆటో హోల్డ్ ఉంటే అది వేసుకోండి. రైల్వే గేటు లాంటి చోట చాలాసేపు ఆగాల్సి వస్తే పీలో (పార్కింగ్) పెట్టండి. అవసరమైతే ఇంజిన్ తనే లేచి నింపుకుంటుంది. ఈ పేజీ ఆయనకే చదవడానికివ్వండి, మాట మీ మీదికి రాదు.

ఏసీ మాటెత్తాను కాబట్టి ఇదీ చెబుతాను. ఎండలో నిలబెట్టిన బండి ఎక్కగానే 18లో పెట్టేస్తారు చాలామంది. అద్దాలు దింపి, రెండు వీధులు పోయి, వేడి బయటికి పోయాక 24లోనో 25లోనో పెట్టి చూడండి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ లేవడం తగ్గుతుంది.

*ప్రశ్న: నా కారు వెనక కూడా హైబ్రిడ్ అని రాసి ఉంది. కానీ ఎప్పుడూ కరెంటు మీద కదలదు. మోసపోయానా?*
— రాజాజీనగర్ పాఠకుడు

మోసం కాదు సార్, మీది మైల్డ్ హైబ్రిడ్. మన దేశంలో 2015లో మారుతి సియాజ్ డీజిల్‌తో ఆ రకానికి బాగా ప్రచారం వచ్చింది. అందులో చిన్న మోటారు ఇంజిన్‌కి చెయ్యి సాయం చేస్తుందే తప్ప, ఒంటరిగా బండిని లాగదు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగినప్పుడు చాలావాటిలో ఏసీ కంప్రెసర్ కూడా ఆగి ఉత్త గాలే వస్తుంది. ముందు చూసి కాలు తీయడం మీకూ పనికొస్తుంది. మిగతా లెక్కలు స్ట్రాంగ్ హైబ్రిడ్ వాళ్లవి, మీరు వదిలేయండి.

*ప్రశ్న: ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్తున్నాం. హైవే మీద హైబ్రిడ్ మైలేజీ రాదంటున్నారు. కొండ మీదికి కూడా మన బండిలోనే. జాగ్రత్తలు చెప్పండి.*
— మారతహళ్లి పాఠకుడు

హైవేలో రాదని కాదు, సిటీలో ఉన్నంత తేడా కనిపించదు. బ్రేకు వేసే పని తక్కువ కాబట్టి తిరిగి వచ్చే కరెంటూ తక్కువే. అక్కడ శత్రువు గాలి. గంటకు 80లో కన్నా 100లో గాలి అడ్డుకునే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ముల్బాగల్ దాటాక రోడ్డు ఖాళీగా ఉందని తొక్కితే టిఫిన్‌కి పావుగంట ముందు చేరతారు, అంతే. 80, 85లో, వేగాన్ని దానంతటదే నిలిపే క్రూయిజ్ కంట్రోల్ పెట్టుకోండి. టాప్ మీద క్యారియర్ అవసరం లేకపోతే విప్పేయండి.

ఇంకొకటి. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, తిరుపతి 160 దగ్గర. పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగేటప్పుడు మీటర్ చూసి మురిసిపోకండి, వచ్చేటప్పుడు అంతా ఎక్కాలి. రానూ పోనూ కలిపిందే అసలు లెక్క.

తిరుమల ఘాట్ మాత్రం వివరంగా చెప్పాలి. మనుషులతో కలిపి బండి బరువు 1,600 కిలోలనుకోండి. దాదాపు 700 మీటర్ల ఎత్తు ఎక్కడానికే మూడు యూనిట్ల శక్తి కావాలి. ఇంజిన్‌కి ఇది సుమారు లీటరు పెట్రోలు. రోడ్డు రాపిడి, మలుపులు దానికి అదనం. కాబట్టి ఎక్కేటప్పుడు మీటర్ 9, 10 చూపిస్తే కంగారు పడకండి, ముల్లు పవర్‌లోకి పోయినా పోనివ్వండి.

దిగేటప్పుడు ఆ మూడు యూనిట్లలో చాలాభాగం తిరిగి వస్తుందనుకుంటారు. రాదు. టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్లలో బ్యాటరీ మొత్తం సైజే 0.76 యూనిట్. కొండ పావు వంతు దిగేసరికే నిండిపోతుంది. బిందె నిండాక కొళాయి కింద ఎంతసేపు పెడితే ఏం లాభం? ఆ తరువాత బ్రేకు నొక్కితే బరువంతా ప్యాడ్ల మీదే పడుతుంది, మలుపు మలుపుకీ అవి కాగిపోతాయి. అందుకే దిగడం మొదలు పెట్టగానే గేర్‌ని బీలో వేయండి. బీ అంటే ఇంజిన్‌ని ఊరికే తిప్పుతూ దాంతో బండిని పట్టి ఉంచడం. ఇంజిన్ శబ్దం పెరుగుతుంది, పిల్లలు అడుగుతారు, కానీ పెట్రోలు కాలుతున్నట్టు కాదది. మామూలు రోడ్డులో బీ వాడితే మైలేజీ పెరుగుతుందని కొందరంటారు. పెరగదు, ఎక్కువసార్లు తగ్గుతుంది. కొండ దిగాక డీకి మార్చడం మర్చిపోకండి. కొన్ని కార్లలో బీ ఉండదు, స్టీరింగ్ వెనక ప్యాడిల్స్ ఉంటాయి. బండితో ఇచ్చిన మాన్యువల్ పుస్తకం ఇంట్లోనే చదువుకుని బయల్దేరండి. ఇంత టైమ్ కన్నా ముందు కిందికి దిగకూడదన్న నిబంధన ఎలాగూ ఉంది, తొందరపడి చేసేదేమీ లేదు.

*ప్రశ్న: సర్వీసింగ్ చేయించాక మైలేజీ తగ్గింది. ఇలా కూడా అవుతుందా? మీటర్ చూపించే అంకెని నమ్మవచ్చా?*
— బీటీఎం లేఅవుట్ పాఠకురాలు

అవుతుందమ్మా. మొదట టైర్లలో గాలి చూడండి. నా బండినే ఒకచోట సర్వీసుకిస్తే నాలుగు టైర్లలోనూ అయిదేసి పాయింట్లు తక్కువ పెట్టి పంపారు. వారం రోజులు ఇంజిన్‌ని అనుమానించాను, సిగ్గుచేటు. డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఎంత ఉండాలో రాసి ఉంటుంది. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. ఇంజిన్ ఆయిల్ ఏ గ్రేడ్ పోశారో బిల్లులో చూసుకోండి, ఈ బండ్లకి పలుచని ఆయిల్ కావాలి. కొన్ని మోడళ్లలో వెనక సీటు పక్కన బ్యాటరీకి గాలి పోయే జాలీ ఉంటుంది. మా గ్యారేజీకి వచ్చిన ఒక బండిలో అది కుక్క వెంట్రుకలతో దిండులా పూడుకుపోయింది. బ్యాటరీ వేడెక్కితే కంప్యూటర్ దాన్ని ఎక్కువ వాడనివ్వదు, పనంతా ఇంజిన్ మీద పడుతుంది.

మీటర్ అంకె కన్నా ట్యాంకు లెక్కే నమ్మకం. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర, పంపు దానంతటదే ఆగి ఆటోకట్ అయ్యేదాకా నింపి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అక్కడే ఆటోకట్ దాకా నింపి, తిరిగిన దూరాన్ని పోసిన లీటర్లతో భాగించండి. ఒక్క ట్యాంకుతో తేల్చకండి, మూడు ట్యాంకుల సగటు తీయండి. ఆటోకట్ అయ్యాక బంకు కుర్రాడు, "రౌండ్ ఫిగర్ చేసేయనా మేడమ్?" అని పంపు మళ్లీ నొక్కబోతాడు, వద్దని చెప్పండి.