కొత్త లాప్‌టాప్‌లో కోడ్ ఎడిటర్: బుజ్జికి మామయ్య ఉత్తరం

తిరుపతి

బుజ్జీ,

లాప్‌టాప్ కొన్నారని అక్క ఫోన్లో చెప్పింది. 8 జీబీ ర్యామే కదా, ఏఐ ఎడిటర్ నడుస్తుందో లేదోనని నీకు టెన్షన్‌గా ఉందట. నడుస్తుందమ్మా. ఆ ఏఐ నీ లాప్‌టాప్‌లో ఉండదు, ఎక్కడో సర్వర్లలో ఉంటుంది. నువ్వు రాసింది నెట్‌లో అక్కడికి వెళ్తుంది, జవాబు తిరిగొస్తుంది. అంటే నీ కోడ్ ఇల్లు దాటుతోందన్నమాట. అందుకే పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు (వేరే సైట్ల సేవలు వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్‌లు) కోడ్‌లో రాయొద్దు.

ముందు నువ్వు నేర్చుకోబోయే ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌ను దాని సొంత సైటు నుంచే దించుకో. ఇన్‌స్టాలర్ మొదటి తెరలో, అడుగున, 'పాత్'కి (కంప్యూటరు ప్రోగ్రాములను వెతుక్కునే చోట్ల జాబితా) చేర్చమనే చిన్న గడి కనిపిస్తే వదిలేయొద్దు. అక్కడ టిక్ పెట్టాకే ముందుకు వెళ్లు. నా దగ్గరికొచ్చే పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే.

తర్వాత వీఎస్ కోడ్, కోడ్ రాసుకునే ఎడిటర్ ఇదే. నీ స్నేహితులు కర్సర్ అనే ఎడిటర్ పేరు చెప్తారేమో, అదీ దీన్నుంచి పుట్టిందే. ఇది వస్తే అది ఒక పూటలో వస్తుంది. ఎక్స్‌టెన్షన్లలో (ఎడిటర్‌కు తగిలించుకునే అదనపు భాగాలు) పైథాన్ అని వెతికి, కింద మైక్రోసాఫ్ట్ పేరు ఉన్నదే వేసుకో. విడి ఫైలు కాదు, ఎప్పుడూ మొత్తం ఫోల్డర్‌నే తెరువు. ఆటో సేవ్ పెట్టుకో. గిట్‌హబ్ (కోడ్ దాచుకునే సైటు) ఖాతాతో లాగిన్ అయితే కోపైలట్ అనే ఏఐ సహాయకుడు వస్తుంది. 2024 డిసెంబరు నుంచి దానికి ఉచిత ప్లాను ఉంది, నాన్న కార్డు అడగొద్దు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పేది. సెట్టింగ్స్‌లో 'ఇన్‌లైన్ సజెస్ట్' అని వెతికి, 'ఎనేబుల్డ్' అన్న చోట ఆ టిక్ తీసెయ్. నువ్వు టైప్ చేస్తుండగానే బూడిద రంగులో మిగతా కోడంతా చూపించేది అదే. మొదటి నెల అది వద్దు. చాట్ మాత్రం ఉంచుకో. నీకు అర్థంకాని లైను పెట్టి 'ఇదేం చేస్తుందో తెలుగులో చెప్పు' అని అడుగు, చెప్తుంది. ఫర్ లూపు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) నీ వేళ్లతో నువ్వే పదిసార్లు రాశాక టిక్ పెట్టుకో. అప్పుడు కూడా ట్యాబ్ నొక్కితే మొత్తం వచ్చి పడుతుంది కాబట్టి కంట్రోల్‌తో కుడి బాణం నొక్కు, ఒక్కో మాటే వస్తుంది. చదవడానికి వ్యవధి ఉంటుంది.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పోయినేడు దామలచెరువు వైపు ఒక మామిడి మండీకి లెక్కల ప్రోగ్రాం రాశాను. తరుగు తీసే లైను ఏఐ ఇస్తే చదవకుండా ట్యాబ్ కొట్టేశాను. ప్రోగ్రాం చక్కగా నడిచింది, ఒక్క ఎర్రరూ రాలేదు. కానీ బరువులోంచి ఒకసారి, డబ్బులోంచి ఇంకోసారి తరుగు తీసేసింది. ఒక రైతు చీటీ పట్టుకొచ్చి అడిగితేగానీ బయటపడలేదు. డబ్బు ఆయనకు తిరిగి ఇప్పించాం, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి ఏఐ ఇచ్చిన ఏ లెక్కనైనా ఒక చీటీ తీసుకుని కాగితం మీద చేసి సరిచూస్తున్నాను. నువ్వూ అలాగే చెయ్.

గిట్ కూడా వేసుకో, కోడ్‌లో చేసిన మార్పులను గుర్తుపెట్టుకునే ప్రోగ్రాం అది. ఏఐని ఫైళ్లు మార్చమనే ముందు ఒక కమిట్ చేసి, అంటే అప్పటి కోడ్‌ను అందులో భద్రపరిచి పెట్టుకుంటే, పాడైనా వెనక్కి రావచ్చు. కమిట్ ఎలాగో ఆదివారం నేను చిత్తూరు వచ్చినప్పుడు చూపిస్తా.

ఈలోగా ఎర్రర్ వస్తే ఫోన్లో చదివి వినిపించొద్దు. చివరి లైను కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టు. రాత్రి పదిన్నర దాకా మేలుకునే ఉంటాను.

మీ మామయ్య