ఆర్కేడ్ మెషీన్లన్నీ ఒకేసారి ఆన్ చేస్తే ఎంసీబీ పడిపోతుంటే

ఆరు ఆర్కేడ్ గేమ్ మెషీన్లనీ ఒకే స్విచ్‌తో ఆన్ చేస్తే ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్) పడిపోతోందన్నారు కదండీ, వైరింగ్‌లో తప్పు లేకపోయినా అలా జరుగుతుంది. పాత పిక్చర్ ట్యూబ్ మానిటర్లు ఆన్ అయిన మొదటి క్షణంలో మామూలుకన్నా చాలా ఎక్కువ కరెంటు లాగుతాయి. తెరకు పట్టిన అయస్కాంతత్వాన్ని పోగొట్టే డీగాసింగ్ కాయిల్, పవర్ సప్లైలో విద్యుత్తును నిల్వ చేసే కెపాసిటర్లు దానికి కారణం. ఆరూ ఒక్కసారే లాగితే ఎంసీబీ తట్టుకోదు.

ప్రతి సాకెట్‌కీ విడి స్విచ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి, రెండు మూడు సెకన్ల తేడాతో ఒక్కోటీ వేయండి. మెషీన్ల సొంత స్విచ్‌లు ఆన్‌లోనే ఉంచేస్తే వెనక్కి చెయ్యి పెట్టే బాధ కూడా ఉండదు. అన్నిటి వాట్లూ కలిపి బాక్స్ రేటింగ్ దాటకూడదు. ఒక బాక్స్‌లో ఇంకో బాక్స్ దయచేసి గుచ్చొద్దు, వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. లోపల కంప్యూటర్ ఉన్న మెషీన్‌నైతే షట్‌డౌన్ చేశాకే స్విచ్ ఆపండి.