అమ్మాయి ఓపెన్ సోర్స్ పని: కోర్సులో చేర్పించాలా, మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం పూర్తి చేసింది. సెలవుల్లో రాత్రింబవళ్లు ఏదో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు పనిచేస్తోంది. జీతం లేదు, సర్టిఫికెట్ లేదు. మూడు వారాలు కష్టపడి పంపిన కోడ్‌ను వాళ్లు రెండుసార్లు తిప్పికొట్టారు. ఒకరోజు ఏడ్చింది కూడా. మా అన్నయ్య కొడుక్కి గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో (ఓపెన్ సోర్స్ పనికి గూగుల్ భృతి ఇచ్చే కార్యక్రమం) అవకాశం వచ్చింది, ఇప్పుడు మంచి ప్యాకేజీలో ఉన్నాడు. దానికి శిక్షణ ఇస్తామని హైదరాబాద్‌లో ఒక సంస్థ అరవై వేలు అడుగుతోంది. అందులో చేర్పించాలా, లేక ఇదంతా మాన్పించి ప్లేస్‌మెంట్ పరీక్షలకు చదివించాలా? ఏ దారిలో ఉద్యోగం త్వరగా వస్తుంది? అమ్మాయి పంపిన కోడ్ లింకు జత చేస్తున్నాను.
ఒక తండ్రి, ఏలూరు

జవాబు: అయ్యా, ఆ లింకు తెరిచి సంభాషణ మొత్తం చదివాను. మీ అమ్మాయి కోడ్‌ను ఎవరూ తిప్పికొట్టలేదు, సరిదిద్దమని వెనక్కి పంపారు. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్. ఎవరైనా మార్పు పంపవచ్చు, నడిపేవాళ్లు పరిశీలించి చేర్చుకుంటారు.

అక్కడ జరిగింది ఇది. తెలుగులో ‘సాఫ్ట్‌వేర్’ అని టైపు చేసేటప్పుడు ‘వ’ వత్తుగా మారిపోకుండా మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడతాం. మీ అమ్మాయి పనిచేస్తున్న ప్రోగ్రాంలోని అక్షరదోషాల తనిఖీ ఆ గుర్తు దగ్గర మాటను రెండు ముక్కలుగా లెక్కపెట్టి, రెండింటి కిందా ఎర్రగీత గీస్తోంది. తెలుగులో రాసేవాళ్లంతా చూసీ చూడనట్టు వదిలేసే చికాకు ఇది. మీ అమ్మాయి వదల్లేదు. కారణం వెతికి, సరిచేసి పంపింది. పరిశీలించినాయన మూడు సంగతులు అడిగారు: కన్నడంలోనూ ఈ లోపం ఉందేమో చూడు, రేపు ఇంకెవరైనా పాడుచేస్తే తెలిసేలా ఒక టెస్టు రాయి, సంబంధం లేని రెండు మార్పులను ఒకదాంట్లో కలపకు. ఆమె మూడూ చేసింది. రెండోసారి వెనక్కి వచ్చింది వివరణ స్పష్టంగా లేదని మాత్రమే. ఇలాంటి ప్రశ్నలు ఈ మూడేళ్లలో కళాశాలలో ఎవరైనా అడిగారేమో ఆమెనే కనుక్కోండి.

లైనక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటిది కెర్నల్. దానికి పంపే మార్పులు ఈమెయిల్లో అందరి ముందూ చర్చకు వస్తాయి. ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు పంపినవి కూడా రెండో కూర్పు, మూడో కూర్పు, అయిదో కూర్పు అని అంకెలు వేసుకుని తిరిగి వస్తూనే ఉంటాయి. అక్కడ అది రోజువారీ పని. ఆమె ఏడ్చిందని రాశారు. ఎందుకు ఏడ్చావని అడిగినట్టు మాత్రం రాయలేదు. పరిశీలకుడి మాటలకు ఏడ్చిందా, అదే సాయంత్రం ఇంట్లో అన్నయ్య కొడుకు ప్యాకేజీ ప్రస్తావన వచ్చినందుకు ఏడ్చిందా? కఠినంగా అంటున్నానని తెలుసు. మీలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, దాదాపు ప్రతిదాంట్లోనూ ఒక అన్నయ్య కొడుకో, పక్కింటి అబ్బాయో ఉంటాడు. ఆ పోలిక మానేయండి.

ఇక ఆ అరవై వేల కోర్సు. కట్టవద్దు. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005లో మొదలైంది. 2022 నుంచి విద్యార్థులు కానివారికీ తలుపు తెరిచారు. అభ్యర్థులను ఎంచుకునేది ఆయా ప్రాజెక్టులను నడిపేవాళ్లు. అక్కడ ప్రవేశపరీక్ష లేదు, గూగుల్‌లో ఉద్యోగం ఇస్తామన్న హామీ కూడా లేదు. మనం ఏ ప్రాజెక్టుకు రాస్తున్నామో వాళ్లతో ముందునుంచీ కలిసి పనిచేసి ఉండటమే అసలు అర్హత. అది మీ అమ్మాయి పైసా ఖర్చు లేకుండా ఇప్పటికే మొదలుపెట్టింది. కోచింగ్ ఇచ్చేవాళ్లు నేర్పేది ప్రతిపాదన పత్రం నింపడం. ఒకే అచ్చులో పోసిన పత్రాలను చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఓపెన్ సోర్స్ అంటే రెజ్యూమెలో ఒక వరుస అన్న ఈ ఫ్యాషన్ మీద నాకు ఎంతోకాలంగా అనుమానం ఉంది. 2020లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే అక్టోబరు నెల కార్యక్రమంలో, మార్పులు పంపినవారికి ఇచ్చే టీషర్టు కోసం వేలమంది అర్థంలేని మార్పులు పంపారు. ఆ తాకిడికి నిర్వాహకులు నెల మొదట్లోనే నిబంధన మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేయవలసి వచ్చింది. తర్వాత వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఎక్స్‌ప్రెస్ అనే ప్రాజెక్టుకు ఇంకో ముప్పు వచ్చింది. ఒక వీడియో పాఠం చూసి విద్యార్థులు దాని పరిచయ పత్రంలో తమ పేర్లు చేరుస్తూ కుప్పలుగా మార్పులు పంపారు. వాటిని ఒక్కొక్కటిగా తెరిచి మూసేది ఎవరో తెలుసా? చాలాసార్లు ఉద్యోగం ముగించుకుని రాత్రిపూట కూర్చునే స్వచ్ఛంద కార్యకర్త. ఈ భారానికి ఎంత ఖరీదు కట్టాల్సి వస్తుందో 2024 మార్చిలో చూశాం. ప్రపంచమంతటి లైనక్స్ యంత్రాల్లో ఉండే ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లను కుదించే చిన్న ప్రోగ్రాంను ఏళ్లుగా దాదాపు ఒక్కరే నెట్టుకొస్తుంటే, సాయం చేస్తానని చేరిన వ్యక్తి నమ్మకం సంపాదించి అందులో దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు దాన్ని బయటపెట్టారు. తన యంత్రంలో లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆయన ఆరా తీశారు. ఎర్రగీతను చూసి ఊరుకోని మీ అమ్మాయిలోనూ ఆ గుణమే ఉంది. దాన్ని ఏ కోర్సూ నేర్పదు.

మీరు పోలిక అడిగారు. క్యాంపస్‌కు వచ్చే పెద్ద కంపెనీల తొలి వడపోతకు ఈ పని ఏమాత్రం పనికిరాదు. అక్కడ ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్ష రాయవలసిందే. ఇంటర్వ్యూలో ‘నువ్వు ఏం కట్టావు?’ అని అడిగే చోట మాత్రం ఆ లింకు చూపించవచ్చు. అందుకే ఒకటి మాని ఇంకొకటి చేయమనను. పగలు లెక్కలూ ప్రోగ్రాంలూ సాధన చేయమనండి, సాయంత్రం ఒక గంట, గంటన్నర ఈ పని. రాత్రి నిద్ర మానుకోవడం ఆపించండి, అందులో మీతో ఏకీభవిస్తాను.

ఊరికే చేస్తోందన్న బాధ కూడా వద్దు. ఈనాడు లైనక్స్ కెర్నల్‌లో చేరే కోడ్‌లో ఎక్కువ భాగం రాసేది కంపెనీల జీతం మీద పనిచేసే ఇంజినీర్లే. ఆ ఉద్యోగాలు తక్కువ, నిజమే. కానీ అక్కడికి వెళ్లినవాళ్లలో చాలామంది ఇలాగే జీతం లేకుండా మొదలుపెట్టారు. అవుట్‌రీచీ అనే కార్యక్రమం ఈ రంగంలో తక్కువగా కనిపించే వర్గాలకూ, వివక్ష ఎదుర్కొనేవారికీ మూడు నెలల పని ఇచ్చి భృతి చెల్లిస్తుంది. మన అమ్మాయిలు చాలామంది దాని సంగతే వినరు. కళాశాల సెలవులతో కుదిరే విడత చూసి దరఖాస్తు చేయమనండి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లు ఏళ్లుగా తెలుగు కంప్యూటింగ్ మీద పనిచేస్తున్నారు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని కుమిలిపోయే బదులు అలాంటివాళ్లను ఒకసారి కలిస్తే ధైర్యం వస్తుంది.

నాలుగో ఏడు ముంచుకొస్తోంది, కళాశాలకు వచ్చే కంపెనీలు తగ్గాయి, పిల్ల ఖాళీగా మిగిలిపోతుందేమోనన్నది మీ అసలు భయం. పని వెతుక్కుని, తప్పు చూపిస్తే దిద్దుకుని మళ్లీ పంపే పిల్లకు మొదటి ఉద్యోగం ఆరు నెలలు ఆలస్యం కావచ్చు. ఆమె అక్కడే ఆగిపోతుందని మాత్రం నేను అనుకోను.

డబ్బు ఖర్చు పెట్టాలనే ఉంటే ఆమె ల్యాప్‌టాప్‌లో ర్యామ్ ఎంత ఉందో అడగండి. పెద్ద ప్రోగ్రాంను ఎనిమిది జీబీలో బిల్డ్ చేయాలంటే, అంటే కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చాలంటే, గంటలు పట్టవచ్చు. వీలుంటే పదహారుకు పెంచించండి, కోర్సు ఫీజులో చిన్న భాగంతో ఆ పని అయిపోతుంది.