తెరిచిన నామా సాకే పాడవుతోందా? ముందు సీసా సైజు చూడండి

మీ టేస్టింగ్ బార్‌లో తెరిచిన నామా (వేడి చేయని సాకే, అంటే జపాన్ బియ్యపు మద్యం) సీసాలు వారం తిరక్కుండానే వాసన మారుతున్నాయని, సగం సింకులో పోస్తున్నానని రాశారు. టెన్షన్ పడకండి, తప్పు సరుకుది కాకపోవచ్చు.

మామూలు సాకేని సాధారణంగా రెండుసార్లు, 65 డిగ్రీల దగ్గర వేడి చేస్తారు. నామాకి అది ఉండదు, లోపల ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి. అందుకే 5 డిగ్రీలు దాటనివ్వకూడదు. మీ అద్దాల ఫ్రిజ్ తలుపు సాయంత్రమంతా తీస్తూ వేస్తూ ఉంటారు కదా, పై అరలో ఒక థర్మామీటరు పెట్టి చూడండి. లైటు కూడా శత్రువే. సీసాలకు న్యూస్‌పేపర్ చుట్టి అమ్మేది అందం కోసం కాదు.

అసలు మార్చాల్సింది సైజు. 1.8 లీటర్ల పెద్ద సీసా, అంటే ఇష్షోబిన్, లెక్కలో చవకే. కానీ 45 మి.లీ. చొప్పున 40 గ్లాసులు! రోజుకు నాలుగు అమ్మితే పది రోజులు. నామా మాత్రం 720 మి.లీ. సీసాలే కొనండి. తెరిచిన తేదీ టేపు మీద రాసి మెడకు అంటించండి. నేనైతే మూడో రోజు దాటితే దాన్ని మూడు రకాలు రుచి చూపే మూడు గ్లాసుల సెట్‌లోకి తోసేస్తాను.

పెద్ద సీసాలు పాత పద్ధతిలో నిదానంగా పులియబెట్టే యామహాయి, కిమోతో రకాల సాకేలకు ఉంచుకోండి. అవి తెరిచాక కొన్నాళ్లకు ఇంకా మెత్తబడతాయి, 45 డిగ్రీలకు వెచ్చచేస్తే మరీ బాగుంటాయి.